ఇటలీ పల్లెల యాత్ర: ఏ పద్ధతి, ఏ ప్రాంతం, ఏ నెల?

“8 రోజులు, 14 ఊళ్లు” అని చెప్పే ప్యాకేజీ ఒకటి, “8 రోజులు, 2 బసలు” అని చెప్పే ప్యాకేజీ ఇంకొకటి పక్కపక్కన పెడితే, మనలో చాలామంది చేయి మొదటిదాని మీదికే పోతుంది. అంత దూరం వెళ్తున్నాం, అంత డబ్బు పోస్తున్నాం, నాలుగు ఊళ్లు ఎక్కువ చూస్తే పోయేదేముందన్న లెక్క అది. మొదటిసారి నేనూ ఆ లెక్కే వేశాను. ఫ్లోరెన్స్ నుంచి పెద్ద బస్సులో ఒక్క రోజులో సియెనా, సాన్ జిమిన్యానో, పీసా చూపించే యాత్రకు వెళ్లాను. పొద్దున ఎనిమిదిలోపే బయలుదేరి రాత్రి ఎనిమిది దాటాక తిరిగొచ్చాం. సాన్ జిమిన్యానోలో మాకు దక్కినవి 50 నిమిషాలు. బస్సు ఆగిన చోటి నుంచి కోటగుమ్మం దాకా ఎక్కి మళ్లీ దిగడానికే అందులో 20 నిమిషాలు పోయాయి. ఒకప్పుడు ఆ ఊళ్లో 72 రాతి బురుజులు ఉండేవని, ఇప్పుడు 14 మిగిలాయని గైడ్ మైకులో చెబుతుంటే బస్సులో కూర్చుని విన్నాను కానీ, ఊళ్లో నిలబడి తలెత్తి వాటిని లెక్కపెట్టుకునే తీరిక దొరకలేదు.

ఆ తరవాత మరో మూడుసార్లు, మూడు వేరు పద్ధతుల్లో వెళ్లాక నాకు ఒక సంగతి తేలింది. ఇటలీ పల్లెల్లో గుర్తుండిపోయే ఘడియలు దాదాపు ఎప్పుడూ పొద్దున పదిలోపు గానీ, సాయంత్రం ఐదు దాటాక గానీ వస్తాయి. చీజ్ తయారయ్యేది పొద్దున్నే. ఊరి జనం వీధుల్లోకి వచ్చి కబుర్లాడుకునేది సాయంత్రం. ఆ రెండు వేళల్లో మీరు బస్సులో ఉంటారా, ఊళ్లో ఉంటారా అన్నదే ప్యాకేజీలను పోల్చి చూడడానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా పనికొచ్చే కొలత. ఈ సలహా అంతా ఆ కొలతతోనే సాగుతుంది.

పెద్ద బస్సా, చిన్న వ్యానా, ఒకేచోట బసా?

పెద్ద బస్సు యాత్రను పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు. 40, 50 మంది మధ్య ఖర్చు పంచుకుంటారు కాబట్టి తలకు పడే ధర తక్కువ, సామాను మోసే బాధ లేదు, దారి తప్పుతామన్న దిగులు లేదు. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చూడడానికి అది చాలు. పల్లెల విషయానికి వచ్చేసరికి మాత్రం దానికి రెండు చిక్కులు పుట్టుకతోనే ఉన్నాయి. మొదటిది చోటు. పాత ఊళ్ల నడిబొడ్డుకు బయటి వాహనాలను రానివ్వరు. పెద్ద బస్సులకు కొండ దిగువన ఎక్కడో స్థలం చూపిస్తారు, అక్కడి నుంచి ఎక్కడం మన వంతు. రెండోది వేళ. యూరప్ నియమాల ప్రకారం బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు విశ్రాంతి తీసుకోవాలి, రోజుకు మామూలుగా 9 గంటలకు మించి నడపకూడదు. అందువల్ల మీ దినచర్యను తయారుచేసేది ఊరి గడియారం కాదు, డ్రైవరు గడియారం. నగరంలోని హోటల్లో ఫలహారం ముగించుకుని కదిలిన బస్సులన్నీ పదకొండు ప్రాంతంలో ఒకేసారి ఊరి గుమ్మం ముందు తేలతాయి. ఒంటిగంటకు చిన్న ఊళ్లలో దుకాణాల షట్టర్లు దిగుతాయి, మళ్లీ మూడున్నర, నాలుగుకు గానీ లేవవు. షట్టర్లు లేచే సమయానికి బస్సు తిరుగు ప్రయాణం కట్టేస్తుంది. అంటే ఊరు ఎక్కువగా నిద్రపోతున్న వేళనే మీకు చూపిస్తారన్నమాట.

డ్రైవరు కాక 8 మంది పట్టే వ్యానులో వెళ్లే యాత్రలకు ధర ఎక్కువే, కానీ ఆ తేడా ఎక్కడ ఖర్చవుతుందో కళ్లకు కనిపిస్తుంది. ఫ్లోరెన్స్ ఉన్న టస్కనీ ప్రాంతంలో తారు వేయని తెల్లటి కంకర దారులు చాలా ఉన్నాయి. ద్రాక్షతోటల మధ్య ఇళ్లకు, చీజ్ చేసే కొట్టాలకు పోవాలంటే ఆ దారుల్లోనే పోవాలి, పెద్ద బస్సు అక్కడికి రాదు. పైగా ఎనిమిది మందే ఉన్నప్పుడు గైడ్‌ను ఒక ప్రశ్న అడిగితే జవాబు అక్కడితో ఆగదు, సంభాషణ అవుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ఇటలీలో బృందాన్ని వెంటబెట్టుకుని తిప్పే టూర్ లీడరు వేరు, కట్టడాల చరిత్ర వివరించడానికి అనుమతి పొందిన గైడ్ వేరు. ప్యాకేజీలో “ఇంగ్లీషు మాట్లాడే సిబ్బంది తోడుంటారు” అని మాత్రమే ఉంటే, గుడిలోకి వెళ్లాక మీకు ఎవరూ ఏమీ చెప్పకపోవచ్చు. ఏ రోజుల్లో, ఏ ఊళ్లలో స్థానిక గైడ్ ఉంటారో డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి.

నా ఓటు మూడో పద్ధతికి: ఒక పల్లె ఇంట్లో కనీసం నాలుగు రాత్రులు బసచేసి, అక్కడి నుంచే రోజుకు ఒకటి లేదా రెండు ఊళ్లకు వ్యానులో వెళ్లి రావడం. ఇటలీలో ‘అగ్రితురిజ్మో’ అనేది అలంకారానికి తగిలించుకునే పేరు కాదు. 1985లో ఒక చట్టం, దాని స్థానంలో 2006లో మరో చట్టం వచ్చి, సేద్యం చేసే రైతు మాత్రమే ఆ పేరుతో అతిథులను పెట్టుకోవచ్చని, అతిథుల వ్యాపారం కన్నా సేద్యానికే పెద్దపీట ఉండాలని నియమం పెట్టాయి. అందుకని అలాంటి చోట బస అంటే పొద్దున్నే ట్రాక్టరు చప్పుడుకు మెలకువ రావడం, భోజనంలో ఆ ఇంటి నూనె, ఆ ఇంటి కూరగాయలు ఉండడం దాదాపు ఖాయం. దక్షిణాన పూలియాలో కనిపించే ‘మసేరియా’ అన్న పేరుకు అంత హామీ లేదు. అది గోడలు కట్టిన పాత వ్యవసాయ క్షేత్రానికి పేరు. ఇవాళ వాటిలో కొన్నింటిలో నిజంగానే సేద్యం జరుగుతోంది, కొన్ని ఈతకొలను చుట్టూ కట్టిన ఖరీదైన హోటళ్లు. ఏది ఏదో ఫొటోలు చూసి పోల్చుకోలేం, అడిగి తెలుసుకోవాల్సిందే.

నడక యాత్రలూ ఉన్నాయి. కాంటర్‌బరీ నుంచి రోమ్ దాకా పోయే ‘వియా ఫ్రాంచీజెనా’ అనే పాత యాత్రికుల దారిలో టస్కనీ భాగాన్ని కాలినడకన చేసేవారికి, సామానును ముందు ఊరికి చేరవేసే సంస్థలు దొరుకుతాయి. రోజుకు 20, 25 కిలోమీటర్లు ఎత్తుపల్లాల్లో నడవగల మోకాళ్లుంటే ఆలోచించండి. తిరుమల మెట్లు ఎక్కాం కదా అన్న ధైర్యం ఇక్కడ చాలదు, ఎందుకంటే ఇది ఒక్కరోజు ఎక్కడం కాదు, వరసగా వారం రోజుల నడక.

వాల్ దోర్చా: కొండ మీద ఊళ్లు, కింద గోధుమ చేలు

టస్కనీ దక్షిణ భాగంలోని వాల్ దోర్చా లోయను యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సైప్రస్ చెట్ల వరస, మెలికలు తిరిగే దారి, ఒంటరి రాతి ఇల్లు ఉన్న ఇటలీ పోస్టరు ఏదైనా మీరు చూసి ఉంటే, అది ఈ చుట్టుపక్కలదే అయ్యుండే అవకాశం ఎక్కువ. ఇక్కడి ఊళ్లలో పియెంజాది విచిత్రమైన కథ. ఒకప్పుడు దాని పేరు కోర్సిన్యానో, చిన్న పల్లె. అక్కడ 1405లో పుట్టిన పిల్లవాడు రెండవ పయస్ పేరుతో పోప్ అయ్యాక, 1459లో బెర్నార్దో రొసెల్లీనో అనే వాస్తుశిల్పిని పిలిపించి, తన సొంతూరిని చర్చి, భవనం, చౌరస్తాలతో ఒక పథకం ప్రకారం కొత్తగా కట్టించి, తన పేరు మీదుగా పియెంజా అని పిలిపించాడు. సొంతూరి మీద మమకారంతో గుడి కట్టించినవాళ్లు, చెరువు తవ్వించినవాళ్లు మనకూ ఉన్నారు. ఊరినే మార్చినవాళ్లు అరుదు. ఊరంతా అరగంటలో చుట్టేయవచ్చు. చర్చి వెనక కోటగోడ మీది దారిలో సాయంత్రం నిలబడితే కింద లోయ మొత్తం పరుచుకుని కనిపిస్తుంది. పగటి బస్సులు వెళ్లిపోయాక ఆ గోడ మీద కూర్చునేది ఊరి ముసలివాళ్లు, కొద్దిమంది అతిథులు మాత్రమే.

దగ్గరలోని బాన్యో విన్యోనిలో, చౌరస్తా ఉండాల్సిన చోట రాతి గట్లు కట్టిన వేడినీటి కోనేరు ఉంటుంది. అందులో స్నానం నిషేధం. పొద్దున్నే చలిలో వెళ్తే నీటి మీంచి ఆవిరి లేవడం చూడవచ్చు. మధ్యాహ్నం వెళ్తే అది మామూలు చెరువులాగే కనిపించి, దీనికోసమా ఇంత దూరం తెచ్చారని అనిపిస్తుంది. ఒకే చోటును రెండు వేళల్లో చూసిన మనిషిగా చెబుతున్నాను.

మొంటెపుల్చానో దగ్గర ఒక రైతు ఇంట్లో మేం వంట నేర్చుకున్న పొద్దున గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. ఈ ప్రాంతపు పాస్తా పేరు పీచి. పిండి, నీళ్లు, కాస్త నూనె కలిపిన ముద్దను బల్ల మీద అరచేతులతో దొర్లిస్తూ పొడవాటి తాడులా సాగదీస్తారు. బృందంలో మిగతావాళ్ల తాళ్లు మధ్యలో తెగిపోతుంటే, మా అమ్మ ఒక పక్కన కూర్చుని చకచకా వేలెడంత ముక్కలు దొర్లించి పళ్లెం నింపేసింది. ఇంటావిడ వచ్చి చూసి “బ్రావా!” అంది. అమ్మ నావైపు తిరిగి, “ఇందులో ఏముందే, ఏటా చవితికి చేసే తాలికలేగా” అంది. వాళ్లిద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఆవిడ అమ్మ చేతిలోని ముక్కను తీసుకుని, దొర్లించి, బల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి సాగదీసి చూపించింది. అమ్మ తల అడ్డంగా ఊపి, తన పొట్టి ముక్కనే పైకెత్తి చూపించింది. చివరికి రెండు రకాలూ ఒకే గిన్నెలో ఉడికాయి. ప్యాకేజీ వివరాల్లో దీనికి “వంట తరగతి, 3 గంటలు” అని ఒక్క వాక్యం ఉంది. అయితే అన్ని వంట తరగతులూ ఇలా ఉండవు. నగరంలో 20 మందికి ముందే కలిపిపెట్టిన పిండి ఇచ్చి ఫొటోలు తీసి పంపేవీ ఉన్నాయి. ఎవరి వంటింట్లో, ఎంతమందితో అన్న రెండు ప్రశ్నలతో తేడా బయటపడుతుంది.

వాల్ దోర్చాలో లోటుపాట్లూ ఉన్నాయి. చాలా ఊళ్లు కొండ కొమ్మున ఉంటాయి, వీధులు రాళ్లు పరిచిన నిటారు ఎక్కుళ్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మొంటెపుల్చానో పెద్ద వీధి ఒక పరీక్షే. రెండోది, ఇక్కడి ప్యాకేజీల్లో చాలా ఖర్చు ద్రాక్షసారా రుచి చూడడానికే పోతుంది. మొంటాల్చీనోలోని బ్రునెల్లో పేరు విన్నవాళ్లకు అది స్వర్గం. తాగనివాళ్లు మాత్రం ఆ పూటకు బదులు ఆలివ్ నూనె మరనో, పెకోరీనో అనే గొర్రెపాల చీజ్ చేసే చోటో చూపించమని ముందే అడగాలి. చిన్న బృందాల సంస్థలు సాధారణంగా ఒప్పుకుంటాయి.

పూలియా: తెల్ల ఊళ్లు, దగ్గర దూరాలు

తల్లిదండ్రులతో, శాకాహారులతో, పిల్లలతో వెళ్లే తెలుగు కుటుంబానికి ఒక్క ప్రాంతమే చెప్పమంటే నేను పూలియా పేరే చెబుతాను. బారీ నుంచి ఆల్బెరోబెల్లో సుమారు 55 కిలోమీటర్లు. అక్కడి నుంచి లోకోరోటోండో పది కిలోమీటర్ల లోపే. చిస్తెర్నీనో, మార్తీనా ఫ్రాంకా కూడా ఆ పక్కనే. బస మార్చకుండా, రోజుకు గంట ప్రయాణం మించకుండా ఐదారు ఊళ్లు చూడవచ్చు. ఓస్తూనిలో ఎక్కుడు ఉంది కానీ, మిగతా ఊళ్లలో వీధులు టస్కనీ అంత నిటారుగా ఉండవు.

ఆల్బెరోబెల్లోలోని ‘త్రుల్లి’ ఇళ్లను సున్నం అతుకు లేకుండా రాయి మీద రాయి పేర్చి, పైన గాదె కప్పులాంటి శంఖాకారపు కప్పుతో కట్టారు. నేపుల్స్ రాజ్యంలో కొత్తగా ఊరు వెలిస్తే రాజుకు పన్ను కట్టాలి. ఆ పన్ను తప్పించుకోవడానికి, తనిఖీ వస్తే వెంటనే కూల్చేసేలా ఇళ్లు కట్టుకోమని కొన్వెర్సానో ప్రభువులు రైతులను ఆదేశించారన్నది అక్కడ అందరూ చెప్పే కథ. 1797లో రాజు ఆ ఊరికి ప్రభువుల పట్టు నుంచి విముక్తి ఇచ్చాడు. 1996లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పగలు వెళ్తే మొంటి పేటలో ప్రతి త్రుల్లో ఒక బొమ్మల దుకాణం. అదే చూసి “ఇది వట్టి తిరునాళ్ల బజారు” అని విసుక్కున్న తెలుగువాళ్లను నేనెరుగుదును, వాళ్ల మాటలో తప్పేమీ లేదు. వీధికి అటుపక్కన ఉన్న ఆయా పిక్కొలా పేటలో ఇంకా జనం కాపురాలు ఉన్నారు. రాత్రి ఊళ్లోనే బసచేస్తే, తొమ్మిది తరవాత ఆ సందుల్లో మీ అడుగుల చప్పుడు మీకే వినిపిస్తుంది.

బారీ పాతబస్తీలో ఆడవాళ్లు వీధి గుమ్మాల ముందు బల్లలు వేసుకుని, చిన్న చెవుల ఆకారంలో ఉండే ఒరెక్కియెట్టె పాస్తాను కత్తి మొనతో లాగి, బొటనవేలి మీద తిప్పేస్తూ చేస్తుంటారు. మన ఊళ్లలో వీధి అరుగుల మీద కూర్చుని వడియాలు పెట్టిన రోజులు గుర్తున్నవారికి ఆ దృశ్యం కొత్తగా అనిపించదు. ఫొటో తీసేముందు అడగండి, ఒక పొట్లం కొనండి. అది వాళ్ల బతుకుతెరువు.

పూలియాలో మీరు చూడబోయే ఇంకొక దృశ్యం ఏ ప్యాకేజీ ఫొటోలోనూ ఉండదు. జైలెల్లా అనే బాక్టీరియా 2013లో అక్కడి ఆలివ్ చెట్లలో బయటపడింది. దాని వల్ల దక్షిణాన సలెంటో ప్రాంతంలో లక్షల చెట్లు ఎండిపోయాయి. బ్రిండిసి దాటి లెచ్చె వైపు పోతుంటే దారికి రెండు పక్కలా బూడిదరంగు మోళ్లు మైళ్ల తరబడి కనిపిస్తాయి. మా గైడ్ వ్యాను ఆపించి, ఒక మోడు పక్కన మళ్లీ నాటిన, తెగులును తట్టుకునే రకం మొక్కను చూపించి, అది కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో చెప్పాడు. కొబ్బరితోట తుపానుకు కూలిపోవడం చూసిన కోనసీమ రైతుకు ఆ మాట వివరించనక్కర్లేదు. ఇలాంటి చోట ఆపే గైడ్ దొరికితే మీ యాత్ర మంచి చేతుల్లో ఉన్నట్టే.

మతేరా పక్క రాష్ట్రమైన బజిలికాతాలో ఉన్నా, పూలియా యాత్రలు చాలావరకు దాన్ని కలుపుతాయి. కొండ గుహల్లో తరాలుగా పశువులతో సహా కాపురమున్న సుమారు 15,000 మందిని 1952 నాటి చట్టంతో ఖాళీ చేయించారు. దేశానికే సిగ్గుచేటన్న ఆ పేట 1993లో యునెస్కో జాబితాలోకి, 2019లో యూరప్ సాంస్కృతిక రాజధాని హోదాకు చేరింది. పగటి పూట రెండు గంటల్లో చూపించి తీసుకొచ్చే ప్యాకేజీ కన్నా, ఒక రాత్రి అక్కడ ఉంచేదాన్ని ఎంచుకోండి. మెట్లు చాలా ఉంటాయన్నది మాత్రం పెద్దవాళ్లకు ముందే చెప్పాలి.

తిండి కోసం వెళ్లేవారికి: ఎమీలియా, లాంగె

బొలోన్యా బసగా ఎమీలియా పల్లెలకు వెళ్లేవారు చూడాల్సింది పర్మిజానో రెజ్జానో చీజ్ తయారీ. దీనికి గంట కొట్టినట్టు వేళ ఉంది. రాత్రి పాలు, పొద్దుటి పాలు కలిపి గంట ఆకారపు రాగి కాగుల్లో పోసి, విరిగిన గడ్డను బియ్యపు గింజంత నలుసులు అయ్యేదాకా చిలికి, వేడిచేస్తారు. కాసేపటికి ఇద్దరు మనుషులు కాగు లోతులోంచి నారబట్టతో ఆ ముద్దను పైకి లాగి, రెండుగా కోసి, రెండు బట్టల్లో వేలాడదీస్తారు. అక్కడ నిలబడి చూస్తే పురిటి గదిలో నిలబడ్డట్టు ఉంటుంది. ఎవరూ గట్టిగా మాట్లాడరు. సుమారు 550 లీటర్ల పాలకు 40 కిలోల చక్రం ఒకటి వస్తుంది, అది కనీసం 12 నెలలు మాగాలి. ఇదంతా పొద్దున పదకొండు లోపే అయిపోతుంది. “మధ్యాహ్నం 3 గంటలకు చీజ్ డైరీ సందర్శన” అని కార్యక్రమంలో కనిపిస్తే, మీకు చూపించేది గోదాములో పేర్చిన చక్రాలను మాత్రమే. ఈ పాలనిచ్చే పశువుల కొట్టాల్లో పనిచేసేవారిలో పంజాబీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. రెజ్జో దగ్గరి నొవెల్లారాలో పెద్ద గురుద్వారా కూడా ఉంది.

వాయవ్యాన, పియెమొంటెలోని లాంగె కొండలకు 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది. బరోలో ద్రాక్షసారా, నేల లోపల పెరిగే ఖరీదైన పుట్టగొడుగులాంటి ఆల్బా తెల్ల ట్రఫుల్ ఇక్కడివి. స్థానిక తిండిని, వంటను కాపాడుకోవాలనే స్లో ఫుడ్ ఉద్యమానికి పునాది పడిన బ్రా పట్టణం కూడా ఇక్కడిదే. ట్రఫుల్ వేటకు ఇటలీలో చట్టప్రకారం శిక్షణ పొందిన కుక్కను వాడాలి. ఈ విద్యను 2021లో యునెస్కో సజీవ వారసత్వంగా గుర్తించింది. తెల్ల ట్రఫుల్ శరదృతువులో మొదలై జనవరి దాకా దొరుకుతుంది. జూన్‌లో “ట్రఫుల్ వేట” అని అమ్మితే అది చవకైన నల్ల రకం. యాత్రికుల కోసం ముందే పాతిపెట్టి, కుక్క చేత తవ్వించే ప్రదర్శనలు కూడా జరుగుతాయి. పిల్లలకు సరదాగానే ఉంటుంది కానీ, దానికి వేట ధర చెల్లించకండి.

ఉంబ్రియా, చింక్వె తెర్రె గురించి క్లుప్తంగా. ఉంబ్రియా టస్కనీకి చెల్లెలు, జనసమ్మర్దం తక్కువ, ధరలు కాస్త తక్కువ. అసీసీ కోసం వెళ్లే క్రైస్తవ కుటుంబాలు చుట్టుపక్కల పల్లెల్లో రెండు రాత్రులు కలుపుకోవచ్చు. టైబర్ నది ఎగువ లోయలో 1944 జులై 10న పోరాడి మరణించి విక్టోరియా క్రాస్ పొందిన భారత సైనికుడు నాయక్ యశ్వంత్ ఘాడ్గే పేరిట మొంటోనె అనే చిన్న ఊళ్లో స్మారకం ఉంది; అటుగా వెళ్లేవారు ఆగి చూడదగ్గది. చింక్వె తెర్రెలోని ఐదు సముద్రపు ఊళ్లు అందమైనవే, కానీ వాటికి గైడ్ యాత్ర అవసరం లేదు. ఊరి నుంచి ఊరికి రైలు ఉంది. ఒక రాత్రి అక్కడే ఉండండి, పగటి యాత్రికుల గుంపులో పడకండి.

శాకాహారులు ఏ ప్రాంతం ఎంచుకోవాలి?

“వెజిటేరియన్ భోజనం ఉంది” అన్న మాటను నమ్మి ఊరుకోకూడదు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో మాంసపు ముక్క కనిపించకపోతే అది శాకాహారమే. పూలియాలో ఆకుకూరతో చేసే ఒరెక్కియెట్టెలో చిన్న చేపలు కరిగించి వేయడం మామూలు. సూపుకు మాంసపు రసం వాడతారు. పర్మిజానోలో దూడ పొట్ట నుంచి తీసే తోడు పడుతుంది. పెకోరీనోది కూడా చాలావరకు అదే పద్ధతి. నిష్ఠగా ఉండేవారికి ఈ సంగతి ముందే తెలియాలి. “సెంజా కార్నె, సెంజా పేషె, సెంజా బ్రోడో”, అంటే మాంసం, చేప, మాంసపు రసం లేకుండా అని నేర్చుకుని వెళ్లండి. ఇటాలియన్‌లో ద్విత్వాక్షరం ఒత్తి పలకాలి. ‘కప్పెల్లో’ అంటే టోపీ, ‘కపెల్లో’ అంటే వెంట్రుక. ఇంగ్లీషువాళ్లు తడబడే ఈ చోట మన నాలుకకు ఏ కష్టమూ లేదు.

ప్రాంతాల లెక్కన చూస్తే పూలియా మొదట నిలుస్తుంది. ఎండు బాకలా (ఒక రకం పెద్ద చిక్కుడు) గింజలను మెత్తగా ఉడికించి, పక్కన చేదు ఆకుకూర పెట్టి, పైన ఆలివ్ నూనె పోసే ‘ఫావె ఎ చికోరియె’ మన ముద్దపప్పు, ఆకుకూరలకు దూరపు చుట్టం; మిరపకాయలు ఊరవేసిన నూనె అడిగితే తెచ్చిపెడతారు. టస్కనీలో రొట్టె, బీన్స్, ఆకులతో చేసే రిబొల్లీటా ఉంది, కానీ అక్కడి రొట్టెలో ఉప్పుండదు, మొదటి రోజు చప్పగా తోస్తుంది. ఎమీలియాలో పంది మాంసం రాజ్యమేలుతుంది కాబట్టి శాకాహారులకు అది ఆఖరి ఎంపిక. చీజ్ తయారీ చూసి రావడానికి ఒకటి రెండు రోజులు చాలు.

మీ సెలవులు ఏ నెలలో?

ఇటలీ వెళ్లడానికి కావాల్సిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 30,000 యూరోల ఆరోగ్య బీమా చూపించాలి. వేసవి సెలవులకు వెళ్లాలనుకునేవారు సంక్రాంతి నాటికే ప్రాంతం తేల్చుకోవడం మంచిది.

పిల్లల వేసవి సెలవుల్లో, అంటే ఏప్రిల్ ఆఖరు, మే నెలల్లో వెళ్లగలిగితే వాల్ దోర్చా. పోస్టర్లలోని పచ్చదనం అప్పుడే ఉంటుంది. జూన్ ఆఖరుకు చేలు బంగారు రంగుకు తిరుగుతాయి, ఆగస్టుకు కోతలైపోయి దున్నిన మట్టిగడ్డలు మిగులుతాయి. ఆగస్టులో వెళ్లి “ఫొటోలో చూపించిన ఊరు ఇది కాదు” అని గైడ్‌తో గొడవపడ్డ ఒక పెద్దమనిషి మా బృందంలోనే ఉన్నాడు. పైగా ఆగస్టు 15 చుట్టూ ఇటలీ అంతా సెలవులో ఉంటుంది, సముద్రతీరాలు కిటకిటలాడతాయి, మన మే నెల ఎండలు అక్కడా తప్పవు.

దసరా సెలవులు మాత్రమే దొరికేవారికి అక్టోబరు మొదట్లో పూలియా హాయిగా ఉంటుంది. నెల సగం దాటితే కొన్ని చోట్ల ఆలివ్ కోత మొదలవుతుంది. చెట్టు కింద వల పరిచి కాయలు దులిపి, మరలో అప్పుడే ఆడిన ఘాటైన పచ్చటి నూనెను రొట్టె మీద పోసి పెట్టే రైతు ఇళ్లు దొరుకుతాయి. ట్రఫుల్ మీద మోజున్నవారికి అదే నెలలో ఆల్బా, అక్కడ సంత ఆ రోజుల్లోనే మొదలవుతుంది.

సంక్రాంతికి తప్ప కుదరదంటే పూలియాలో చాలా మసేరియాలు మూసి ఉంటాయి, వాల్ దోర్చాలో భోజనశాలలు సగం తాళాలు వేసుకుంటాయి. అప్పుడు బొలోన్యాలో బసచేసి ఎమీలియా వెళ్లండి, పాలు ఏ రోజూ ఆగవు కాబట్టి చీజ్ తయారీ పండగనాడూ జరుగుతుంది. పో నది మైదానంలో జనవరి పొగమంచుకు పది అడుగుల దూరం కనిపించదు, గైడ్ మిమ్మల్ని చీకటితోనే లేపుతాడు. డైరీ తలుపు తీసి లోపలికి అడుగు పెట్టాక, రాగి కాగుల పక్కన చెమట పట్టేంత వేడిగా ఉంటుంది. కోటు కింద పలచటి చొక్కా వేసుకుని వెళ్లండి.